బిరుసెక్కిన కార్బొరేటర్ రబ్బర్లు ఎక్కించడం: వేడి, చోటు, కోణం

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. పాత నాలుగు సిలిండర్ల బండి. కార్బొరేటర్ల సెట్ మొత్తం దించి శుభ్రం చేశారు. తిరిగి బిగిద్దామంటే ఇంజన్ వైపు రబ్బరు బూట్లలోకి, అంటే కార్బొరేటర్‌ను ఇంజన్‌కు కలిపే పొట్టి రబ్బరు గొట్టాల్లోకి, దిగడం లేదు. ఎడమవైపు రెండూ కూర్చుంటే కుడివైపు రెండూ బయటికి వచ్చేస్తున్నాయి. వెనక ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) రబ్బర్లేమో మడతపడి లోపలికి ముడుచుకుపోతున్నాయి. రబ్బరు గోరు దిగనంత గట్టిగా ఉంది. లోపలి అంచు కాస్త కోసేయమని ఒకరు, గ్రీజు పూసి సుత్తితో కొట్టమని ఇంకొకరు సలహా ఇచ్చారు. ఇందులో ఏది చేయాలని అడిగారు.

రెండూ చేయకండి. బూట్ లోపల కనిపించే ఆ అంచు ఊరికే పెట్టింది కాదు. చాలా బళ్లలో కార్బొరేటర్ మూతి చుట్టూ ఒక చిన్న గట్టు, రబ్బరు లోపల దానికి సరిపడే గాడి ఉంటాయి. ఆ గట్టు గాడిలో పడితేనే గాలి లోపలికి చొరబడకుండా ఆగుతుంది, కార్బొరేటర్ వెనక్కి జారకుండా ఉంటుంది. అంచు కోసేస్తే కార్బొరేటర్ సులువుగానే ఎక్కుతుంది. కానీ క్లాంప్ ఎంత బిగించినా నాలుగు రోజుల్లో కదలడం మొదలవుతుంది. ఇక సుత్తి దెబ్బ రబ్బరుకు తగలదు, కార్బొరేటర్లను కలిపి ఉంచే బ్రాకెట్లకూ వాటి మధ్య ఉండే పెట్రోలు గొట్టాలకూ తగులుతుంది. ఆ గొట్టాల ఓ-రింగులు (సందు మూసే గుండ్రటి రబ్బరు రింగులు) కొంచెం పక్కకు జరిగినా పెట్రోలు కారుతుంది. అప్పుడు సెట్ మొత్తం మళ్లీ దించాల్సిందే.

ఈ పనిలో తలప్రాణం తోకకొచ్చేది రబ్బరు గట్టితనం ఒక్కదాని వల్లే కాదు. వెనక చోటు లేకపోవడం, కార్బొరేటర్లను తిన్నగా నెట్టాలని చూడడం కూడా దానికి తోడవుతాయి. మూడూ సరిచేస్తే చేతి బలంతోనే ఎక్కుతాయి.

ముందు ఈ రబ్బర్లు పనికొస్తాయో లేదో తేల్చుకోండి. ఒక్కొక్క బూట్‌ను వెలుతురులో పట్టుకుని, వేళ్లతో లోపలికి బయటికి వంచుతూ చూడండి. పైపైన కనిపించే సన్నటి గీతలతో పెద్ద ప్రమాదం లేదు. వంచినప్పుడు గీత నోరు తెరుచుకుని లోపల లోతు కనిపిస్తే ఆ బూట్ పని అయిపోయినట్టే. ఇంజన్‌కు బిగించే వైపు అల్యూమినియం ప్లేటుకు రబ్బరు అతికించి ఉండే రకమైతే ఆ అతుకు చుట్టూ మరీ జాగ్రత్తగా చూడాలి. రబ్బరు బయటికి ఎంత బాగున్నా లోహం దగ్గర వెంట్రుక మందాన విడిపోయి ఉంటుంది, బండి మీద ఉన్నప్పుడు కంటికి ఆనదు. అలా విడిపోయినదాన్ని మెత్తబరచి లాభం లేదు, కొత్తది వేయాలి. బూట్ పక్కన వాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలిని పీల్చే బలాన్ని కొలిచే మీటరు) తగిలించుకోవడానికి చిన్న ఇత్తడి గొట్టం, దానికి వేలి కొసంత రబ్బరు టోపీ ఉంటాయి. ఆ టోపీ చీలిపోయి ఉండడం పాత బళ్లలో ఎంత మామూలంటే, నేనైతే దాన్ని చూడకుండానే మార్చేస్తాను.

చీలికలు లేకుండా బిరుసు మాత్రమే ఉంటే మెత్తబరచవచ్చు. రబ్బరును మెత్తగా ఉంచేది దాని తయారీలో కలిపిన ప్లాస్టిసైజర్లు. ఏళ్ల తరబడి ఇంజన్ వేడి, పెట్రోలు ఆవిర్లు తగిలి అవి మెల్లగా బయటికి పోతాయి. గాలిలోని ఓజోన్ పైపొరను పగలగొడుతుంది. ప్లాస్టిసైజర్లు పోయిన రబ్బరు గట్టిపడడమే కాదు, కొంచెం కుంచించుకుపోతుంది కూడా. అందుకే ఒకప్పుడు అదే బండిలో సులువుగా ఎక్కిన రబ్బరు ఇప్పుడు చిన్నదైపోయినట్టు అనిపిస్తుంది. నిజంగానే చిన్నదైంది.

దీనికి మొదటి మందు వేడి. విప్పి బయటికి తీయగలిగిన బూట్లను మరిగించి దించిన నీళ్లలో వేసి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. నీళ్లు ఎంత చేసినా 100 డిగ్రీలు దాటవు కాబట్టి రబ్బరు మాడిపోతుందన్న భయం ఉండదు. బయటికి తీశాక ఆ మెత్తదనం ఒకటి రెండు నిమిషాలకు మించి నిలవదు. కాబట్టి క్లాంపులు తొడిగి, కార్బొరేటర్లు పక్కన సిద్ధంగా పెట్టుకున్నాకే రబ్బరు తీయాలి. హెడ్‌కు, అంటే ఇంజన్ సిలిండర్ల పై భాగానికి, బిగించి ఉన్న బూట్లకు హెయిర్ డ్రయ్యర్ చాలు. ఒకే చోట పెట్టకుండా చుట్టూ తిప్పుతూ ఒక్కొక్కదానికి మూడు నాలుగు నిమిషాలు పట్టండి. హీట్ గన్ అయితే అన్నిటికంటే తక్కువ వేడి మీద, దూరంగా పట్టుకోవాలి. పైపొర మెరుస్తూ జిగటగా మారిందంటే కాలుతున్నట్టు. ఏ పరికరం వాడినా ముందు ట్యాంకు తీసి దూరంగా పెట్టండి, కార్బొరేటర్ గిన్నెల్లో మిగిలిన పెట్రోలు వంపేయండి. హెయిర్ డ్రయ్యర్ లోపల ఎర్రగా కాలే తీగ ఉంటుంది, పెట్రోలు ఆవిరికి అది చాలు.

వేడి తగ్గగానే మళ్లీ రాయిలా అయ్యే రబ్బర్లకు వింటర్‌గ్రీన్ నూనె పద్ధతి ఉంది. నొప్పుల బామ్‌లో వచ్చే ఘాటైన వాసన దీనిదే, అందులో ఉండేది మిథైల్ సాలిసిలేట్. ఒక వంతు నూనెకు మూడు వంతులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా జైలీన్ కలిపి, మూత ఉన్న గాజు సీసాలో బూట్లు మునిగేలా పోయాలి. కొన్ని గంటల తర్వాత ఒకసారి, ఆ తర్వాత రోజుకు రెండుసార్లయినా తీసి వంచి చూడండి. కొన్ని రబ్బర్లు ఒక్క పూటలోనే మెత్తబడతాయి, కొన్నిటికి రెండు మూడు రోజులు పడుతుంది. మరచిపోయి వదిలేస్తే రబ్బరు ఉబ్బి గాడి ఆకారం చెడుతుంది, కాబట్టి వేలికి వంగుతోందనగానే తీసేయండి. సబ్బు నీళ్లతో కడిగి, ఒక రోజు గాలికి ఆరనిచ్చి అప్పుడు బిగించండి. ద్రావణం ఆరిపోయాక కొంత బిరుసు తిరిగొస్తుంది, అయినా ముందున్నంత ఉండదు. లోహపు ప్లేటుకు అతికించిన బూట్లను ఇందులో ఎక్కువసేపు ఉంచకండి, అతుకు దెబ్బతినవచ్చు.

ఈ నూనె విషయంలో తేలిగ్గా ఉండకండి. చిన్న మోతాదు కడుపులోకి పోయినా పిల్లల ప్రాణానికే ముప్పు, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి, సీసా మీద ఏముందో రాసి తాళం వేసే చోట పెట్టండి. త్వరగా పని కావాలని ఈ మిశ్రమాన్ని పొయ్యి మీద వేడి చేసేవాళ్లున్నారు. అది అంటుకునే ద్రావణం, ఆ పని అస్సలు వద్దు.

జారుడు కోసం ఏం పూయాలన్నది తర్వాతి ప్రశ్న. మామూలు పెట్రోలియం గ్రీజు, ఇంజన్ ఆయిల్ పనికిరావు. కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బుతుంది, పైగా ఆ జారుడు ఎప్పటికీ పోదు, బండి నడుస్తుంటే కార్బొరేటర్ బయటికి జారుతుంది. సబ్బు నీళ్లు, గ్లిజరిన్, పలుచగా సిలికాన్ గ్రీజు, బ్రేకు భాగాలకు వాడే రబ్బరు గ్రీజు, వీటిలో ఏదైనా సరే. నాకు ఇష్టమైనది మాత్రం చిక్కటి సబ్బు నీళ్లే. ఎక్కించేటప్పుడు జారుతుంది, ఆరాక పట్టుకుంటుంది. రబ్బరు లోపలి అంచుకూ కార్బొరేటర్ మూతికీ రెండింటికీ రాయండి, నీళ్లు ఇన్‌టేక్ దారిలోకి కారేంత మాత్రం వద్దు.

ఇక హెడ్ వైపు. బూట్లు విప్పగానే ఇన్‌టేక్ దారిలో శుభ్రమైన గుడ్డ కుక్కండి. ఒక చిన్న స్క్రూ అందులో పడి, తెరిచి ఉన్న వాల్వు దాటి సిలిండర్‌లోకి పోతే హెడ్ విప్పాల్సి రావచ్చు. హెడ్ మీద, ప్లేటు మీద అంటుకుని ఉన్న పాత గాస్కెట్ ముక్కల్ని ప్లాస్టిక్ పలకతో గీకండి. ఉక్కు బ్లేడు అల్యూమినియం మీద గాడి పెడుతుంది, ఆ గాడిలోంచే మళ్లీ గాలి లాగుతుంది. కొన్ని బళ్లలో, సుజుకీ జీఎస్ సిరీస్‌లో లాగా, బూట్‌కూ హెడ్‌కూ మధ్య ఓ-రింగ్ ఉంటుంది. ఏళ్ల వేడికి అది చదునై, పెళుసుబారి, ముట్టుకుంటే విరిగేలా ఉంటుంది. బూట్ ఎంత మంచిదైనా ఈ రింగ్ పాతదైతే లీకు పోదు. వేడికీ పెట్రోలుకూ తట్టుకునే వైటాన్ రింగ్ వేయండి.

బూట్లను హెడ్‌కు పట్టి ఉంచే స్క్రూలు విప్పేటప్పుడు ఇంకో సంగతి. జపాన్ బళ్లలో ఫిలిప్స్‌లాగా కనిపించేవి చాలావరకు జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ డ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, తిప్పగానే పైకి లేచి తల అరగదీస్తుంది. జేఐఎస్ డ్రైవర్, మొరాయిస్తే చేత్తో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. తిరిగి బిగించేటప్పుడు 6 మిల్లీమీటర్ల స్క్రూకు అల్యూమినియంలో 10 న్యూటన్ మీటర్ల బిగింపు దగ్గర ఆగాలి, మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. బూట్లు నాలుగూ ఒకేలా ఉన్నాయని అనుకోవద్దు. చాలా ఇంజన్లలో లోపలి సిలిండర్లవీ బయటి సిలిండర్లవీ వంపు వేరు, ఎడమ కుడి గుర్తులు రబ్బరు మీదే అచ్చుపోసి ఉంటాయి. ఒక్కటి తారుమారైనా మూతులు నాలుగూ ఒక వరసలోకి రావు, ఎంత నెట్టినా ఎక్కవు. మీకు రెండు కూర్చుని రెండు రావడానికి కారణం ఇదే కావచ్చు, ముందు ఇది చూడండి.

ఇప్పుడు చోటు సంగతి. చాలామంది బలమంతా పెట్టేది ఇంజన్ వైపు, అసలు అడ్డం వెనక ఉంటుంది. ఎయిర్‌బాక్స్ బోల్టులన్నీ విప్పి దాన్ని ఎంత వీలైతే అంత వెనక్కి జరపండి. ఒక సెంటీమీటర్ దొరికినా పని సగం తేలికవుతుంది. బ్యాటరీ, దాని పెట్టె అడ్డమొస్తే అవీ తీసేయండి. ఎయిర్‌బాక్స్ రబ్బర్లు చాలావాటిలో బాక్సు గోడకు గాడితో పట్టుకుని ఉంటాయి. వాటిని వేడి చేసి, గాడిలోంచి తప్పించి బాక్సు లోపలికి నెట్టేయండి. కార్బొరేటర్లు ఇంజన్ వైపు పూర్తిగా కూర్చున్నాక, ఎయిర్ ఫిల్టర్ తీసిన దారిలోంచి చెయ్యి పెట్టి ఒక్కొక్కదాన్ని ముందుకు లాగి మూతికి తొడగవచ్చు. రబ్బరు మడతపడడం అనే బాధ దీనితో చాలావరకు పోతుంది. క్లాంపులు మాత్రం ముందే వాటి మీద వదులుగా తొడిగి, స్క్రూ తలలు డ్రైవర్ అందే వైపు తిప్పి ఉంచండి. లోపలి రెండు సిలిండర్ల క్లాంపులు తర్వాత తిప్పుదామంటే వేలు కూడా పట్టదు.

యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్ ఇప్పుడే తగిలించాలా, తర్వాతా అన్నది కూడా ముందే చూసుకోండి. కొన్ని బళ్లలో కార్బొరేటర్లు కూర్చున్నాక కేబుల్ కొనకు చెయ్యి అందదు.

ఎక్కించే ఘట్టం. కార్బొరేటర్ల సెట్‌ను పక్కనుంచి ఫ్రేములోకి దూర్చి, మూతుల్ని బూట్ల ఎదురుగా తెచ్చి ఆపండి. తిన్నగా నెడితే రబ్బరు అంచు చుట్టూరా ఒకేసారి అడ్డుపడుతుంది. అలా కాకుండా సెట్ వెనక భాగాన్ని కొంచెం పైకెత్తి, మూతుల కింది అంచుల్ని మాత్రం నాలుగు బూట్లలోనూ పెట్టండి. కింది అంచు గట్టు రబ్బరు లోపలి పెదవి దాటిందో లేదో బొటనవేలితో తడిమి చూడండి. నాలుగూ దాటాక, కార్బొరేటర్ల ఒళ్లు రెండు చేతులతో పట్టుకుని ముందుకు నెడుతూనే వెనక భాగాన్ని మెల్లగా కిందికి దించండి. పై అంచులు ఒక్కొక్కటిగా లోపలికి జారతాయి. గట్టు గాడిలో పడిన క్షణం చేతికి తెలుస్తుంది, టప్ మని ఒక చిన్న కుదుపు. కొన్ని బళ్లలో ఫ్రేము గొట్టం అడ్డమొచ్చి దీన్ని తిరగేసి, పై అంచు ముందు పెట్టి చేయాల్సి వస్తుంది. ఒక్కరే ఉంటే కష్టం. ఒకరు నెడుతుంటే మరొకరు మడతపడుతున్న రబ్బరు అంచును చెక్క పుల్లతోనో మొనలేని ప్లాస్టిక్ పలకతోనో పైకి లాగుతుండాలి. స్క్రూడ్రైవర్ వాడితే రబ్బరు చీలుతుంది, లేదా మూతి గట్టు మీద గీత పడుతుంది.

చివరి కొద్ది మిల్లీమీటర్లు రాకపోతే బెల్టు సాయం తీసుకోండి. సామాన్లు కట్టే రాట్చెట్ బెల్టును ఇంజన్ ముందున్న ఫ్రేము గొట్టాల చుట్టూ తిప్పి, కార్బొరేటర్ల వెనకనుంచి తెచ్చి ఒక్కొక్క పన్ను చొప్పున బిగించండి. బెల్టు లాగుతుంటే రెండో చేత్తో సెట్‌ను పైకీ కిందికీ కొంచెం ఊపుతుండాలి. బెల్టు ఆనేది కార్బొరేటర్ల గట్టి ఒంటి మీద మాత్రమే. కింద గిన్నెల మీద, థ్రాటిల్ కడ్డీ మీద, చోక్ రాడ్ మీద, పెట్రోలు గొట్టాల మీద ఆనకూడదు. చెక్క మొద్దును ఫ్రేముకు ఆనించి తోసే పద్ధతికీ ఇదే నియమం. గట్టిగా లాగినా కదలకపోతే ఇంకా లాగకండి. ఆగి చూస్తే ఏదో ఒక బూట్ మడతపడి ఉంటుంది, లేదా ఒక క్లాంప్ పూర్తిగా వదులు చేసి ఉండదు, లేదా రబ్బరు చల్లారిపోయి ఉంటుంది.

ఎక్కిందని సంబరపడే ముందు ఒక్కొక్క మూతి చుట్టూ వేలు తిప్పండి. పైన, పక్కలా తెలుస్తుంది కానీ లీకు దాక్కునేది అడుగున. చిన్న అద్దం, టార్చి పెట్టి కిందినుంచి చూడండి. రబ్బరు అంచుకూ కార్బొరేటర్ ఒంటికీ మధ్య సందు చుట్టూరా ఒకేలా ఉండాలి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తే అక్కడ గట్టు గాడిలో పడలేదు. క్లాంప్ బిగించినంత మాత్రాన అది లోపలికి రాదు, వదులు చేసి మళ్లీ నెట్టాల్సిందే. అంతా సరిగ్గా ఉన్నాకే క్లాంపులు బిగించండి. కొన్ని క్లాంపుల స్క్రూకు మధ్యలో చిన్న గొట్టం ఉంటుంది, అతిగా బిగించకుండా ఆపడానికి పెట్టింది అది. దాన్ని తీసేసి ఇంకా బిగించే అలవాటు కొందరికి ఉంది. బిగించినకొద్దీ రబ్బరు గుండ్రంగా ఉండక ఒకచోట ముడతపడి లీకు ఇస్తుంది.

స్టార్ట్ చేసే ముందు హ్యాండిల్‌ను ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పుతూ యాక్సిలరేటర్ తిప్పి వదలండి. ప్రతిసారీ టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే బండి స్టార్ట్ చేయవద్దు, కేబుల్ ఎక్కడో నలిగింది లేదా కడ్డీ ఎయిర్‌బాక్స్ రబ్బరుకు తగులుతోంది.

నడుస్తున్నప్పుడు ఇంజన్ వైపు లీకు ఉంటే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. యాక్సిలరేటర్ వదిలాక కూడా ఇంజన్ కాసేపు అరుస్తూ ఆలస్యంగా దిగుతుంది, ఐడిల్ (యాక్సిలరేటర్ ముట్టుకోనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, వేగం తగ్గిస్తున్నప్పుడు సైలెన్సర్‌లో టపటపమంటుంది, ఆ సిలిండర్ ప్లగ్ తెల్లగా ఉంటుంది. కార్బొరేటర్ దాటాక లోపలికొచ్చే ఆ గాలికి తగ్గ పెట్రోలు ఉండదు, మిక్చర్ పలుచబడి ఇంజన్ వేడెక్కుతుంది. టూ స్ట్రోక్ ఇంజన్ అయితే ఇదే పిస్టన్‌ను కాల్చేయగలదు. వెనకవైపు ఎయిర్‌బాక్స్ రబ్బరు లీకు ఇంత తీవ్రంగా ఉండదు. కానీ వడపోత లేని దుమ్ము లోపలికి పోతుంది, డయాఫ్రమ్ (పలుచటి రబ్బరు పొర) ఉన్న సీవీ రకం కార్బొరేటర్లలో మధ్య వేగాల దగ్గర బండి తడబడుతుంది.

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి చాలామంది కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొడతారు. లీకు ఉన్నచోట కొట్టగానే ఐడిల్ మారుతుంది, నిజమే. కానీ అది అంటుకునే ద్రవం, పక్కనే స్పార్క్, కింద కాలే సైలెన్సర్ గొట్టాలు. మొక్కలకు నీళ్లు చల్లే స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు కొట్టి చూడండి. నీళ్లు ఆ సందును కాసేపు మూస్తాయి, ఇంజన్ శబ్దం మారడం చెవికి తెలుస్తుంది. ఐడిల్ స్థిరంగా ఉన్నప్పుడు ఒక్కొక్క బూట్ దగ్గర విడిగా కొట్టాలి, అన్నిటి మీదా ఒకేసారి చల్లితే ఏదో తెలియదు. లీకు దొరికితే పైనుంచి సిలికాన్ సీలెంట్ పూసి ముగించకండి. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి ఊడుతుంది, ఊడిన ముక్క వాల్వు వైపు పోతుంది.

కొత్త బూట్లు కొనాల్సి వస్తే కంపెనీ భాగం దొరికినంతవరకు అదే తీసుకోండి. వేరే తయారీవి కొన్ని బాగానే ఉంటాయి, కొన్ని మందంగా, మొదటి రోజే బిరుసుగా వస్తాయి. అలాంటివాటిని వేడి నీళ్లలో ముంచి, బండికి బిగించకముందే టేబుల్ మీద ఒక్కొక్కటిగా కార్బొరేటర్ మూతికి తొడిగి రాత్రంతా అలాగే వదిలేయండి, ఆకారానికి అలవాటుపడతాయి. మీ ఇంజన్‌లో ప్లేటు స్క్రూలకు పక్కనుంచి డ్రైవర్ అందితే ఇంకో దారి కూడా ఉంది. బూట్లను కార్బొరేటర్లకే ముందు తొడిగి, సెట్ మొత్తం లోపలికి పెట్టి, చివర్లో ప్లేట్లను హెడ్‌కు బిగించవచ్చు. ఒకటి రెండు సిలిండర్ల బళ్లకు ఇది చాలా సుఖమైన పద్ధతి. నాలుగింటిలో లోపలి స్క్రూలు అందడం అరుదు.

నాలుగైదుసార్లు ఇంజన్ బాగా వేడెక్కి చల్లారాక క్లాంపులు, హెడ్ స్క్రూలు మరోసారి చూడండి. మెత్తబడిన రబ్బరు కొంచెం సర్దుకుని వదులైపోతుంది. ఆ తర్వాతే ట్యూనింగ్ ముట్టుకోండి. పాత లీకును కప్పిపుచ్చడానికి ఇంతకుముందెవరో మిక్చర్ స్క్రూలు, ఐడిల్ స్క్రూ తిప్పేసి ఉంటే, లీకు పోగానే బండి ఆగిపోవడమో నల్ల పొగ రావడమో జరగవచ్చు. బిగింపు తప్పిందని మళ్లీ విప్పకుండా మిక్చర్‌ను మాన్యువల్‌లోని అంకెకు తెచ్చి, వాక్యూమ్ గేజ్‌లతో నాలుగు కార్బొరేటర్లను సమం చేయండి. గేజ్‌లు తీశాక ఆ నాలుగు గొట్టాలకూ కొత్త టోపీలు తొడగండి.